వెతికినందుకు కూలి లేదు

మన దగ్గర రిపేరుకి డబ్బులిస్తారు గానీ, రోగం కనిపెట్టినందుకు ఎవరూ ఇవ్వరు. ఇదీ నా ఫిర్యాదు. లారీ షెడ్డులో అయినా, మన సాఫ్టువేరు ఆఫీసుల్లో అయినా ఇదే వరస. విప్పి మార్చినవాడికి కూలి ముడుతుంది. ఏది మార్చాలో, అసలు ఏదీ మార్చక్కర్లేదో తేల్చినవాడికి మాత్రం ఓ టీ, మహా అయితే భుజం మీద ఓ తట్టు. దీనివల్ల నష్టపోయేది షెడ్డు కాదు. బండి కొనుక్కుని కిస్తీలు కట్టుకునేవాడూ, ఆ బండిలో కూర్చుని రాత్రంతా నడిపేవాడూను.

నేను చదివింది మెకానికలు, తింటున్నది సాఫ్టువేరు కూడు. (నాలాంటివాళ్ళు మీ ఆఫీసులో కూడా ప్రతి రెండో కుర్చీలో ఉంటారు, అడిగి చూడండి :) ) అంచేత లారీ గురించి మాట్లాడే అర్హత సగం ఉంది, బగ్గుల గురించి మాట్లాడే అర్హత మిగతా సగం ఉంది. రెండూ కలిపి ఈ గోడు వెళ్ళబోసుకుంటున్నాను.

మా బాబాయిది వాకాడు. స్వర్ణముఖి పక్కన, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా నోటికి ఇంకా నెల్లూరు జిల్లా అనే వస్తుంది. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారి ఊరంటే చాలామంది గుర్తుపడతారు. చుట్టూ వరి పొలాలు, రొయ్యల గుంటలు, కోట-చిల్లకూరు వైపు పోతే సిలికా ఇసుక. ఊళ్ళో రైలు లేదు. వడ్లు కదలాలన్నా, రొయ్యల మేత రావాలన్నా, ఇసుక మద్రాసు వైపు పోవాలన్నా లారీయే దిక్కు. బాబాయికి ఒకటే బండి. పది చక్రాలది, ఫైనాన్సులో తీసుకున్నది. ఏ కంపెనీదో చెప్పనులెండి, ఈ కథలో దాని తప్పేమీ లేదు.

ఆ బండికి ఓ రొద పట్టుకుంది. యాభై దాటగానే కింద నించి గుయ్యిమని మొదలై, యాభై ఐదూ అరవై మధ్య క్యాబిన్ మొత్తం తంబురా మీటినట్టు మోగేది. డెబ్బై దగ్గర కాస్త తగ్గేది. కీచుమనదు, టకటకలాడదు. ఒకటే శ్రుతి, గంటల తరబడి. పది నిమిషాలు వింటే బానే ఉంటుంది. గూడూరు నించి మద్రాసు దాకా వింటే తలలో తేనెటీగలు కాపురం పెట్టినట్టుంటుంది.

మొదటి షెడ్డులో సెంటరు బేరింగు పోయిందన్నారు. మార్చారు. రొద కాస్త తగ్గినట్టే అనిపించింది. (డబ్బులిచ్చాక రెండు రోజులు అన్ని రోగాలూ తగ్గినట్టే ఉంటాయి.) మూడో రోజు మళ్ళీ మామూలే.

రెండో చోట కంప్యూటరు తగిలించారు. 2020 ఏప్రిల్ నించి వస్తున్న బీఎస్-6 బండ్లన్నిటికీ ఆ సదుపాయం ఉంది కదా. "ఒక్క ఎర్రరు కూడా లేదు, బండి బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. ఇది వినగానే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ కంప్యూటరు చూసేది ఇంజన్నీ, పొగనీ, దానికి తగిలించిన సెన్సర్లనీ. ఇంజను నించి వెనక చక్రాలకి తిరుగుడు మోసుకెళ్ళే ప్రొపెల్లరు షాఫ్టుకి సెన్సరే లేదు. సెన్సరు లేనిచోట ఎర్రరు ఎక్కణ్ణించి వస్తుంది? లాగులో ఎర్రరు లేదు కాబట్టి సర్వరు బాగుందని చెప్పే మహానుభావులు మనకి మాత్రం తక్కువా!

మూడో చోట హౌసింగు విప్పారు. హౌసింగంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండు. అందులో క్రౌను, పినియను అనే రెండు పళ్ళ చక్రాలుంటాయి. "పళ్ళు అరిగిపోయినాయి, సెట్టు మార్చాల్సిందే" అన్నారు. మార్చారు. దాని ఖరీదూ కూలీ కలిపి ఒక నెల కిస్తీ దాటింది. నాలుగు రోజులు బండి నిలబడింది, ఆ నాలుగు రోజుల బాడుగ పోయింది. బండి బయటికొచ్చింది. యాభై దాటింది. గుయ్య్...

ఇక్కడ కాసేపు ఆగి అసలీ రొద ఎక్కణ్ణించి రావచ్చో చూద్దాం. ఇది మంత్రం కాదు, చిన్న లెక్క.

లారీ టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 3.2 మీటర్లు పోతుంది. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకి 5.2 చుట్లు తిరుగుతుంది. పినియనుకి 6 పళ్ళు, క్రౌనుకి 37 పళ్ళు ఉన్నాయనుకుందాం. అప్పుడు షాఫ్టు చక్రం కన్నా 6.17 రెట్లు వేగంగా, సెకనుకి 32 చుట్లు తిరుగుతుంది. టాపు గేర్లో ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరిగే బండి అనుకుంటే ఇంజను కూడా 32 చుట్లే. ఆరు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకి మూడుసార్లు పేలుతుంది.

ఇప్పుడు ఎవరి గొంతు ఎంతో చూడండి. చక్రానికి సంబంధించిన జబ్బైతే సెకనుకి 5 దెబ్బలు. అది రొద కాదు, కుదుపు. షాఫ్టు బరువు ఒక పక్కకి ఎక్కువైతే 32. అది చెవి కన్నా సీటుకే ఎక్కువ తెలుస్తుంది. షాఫ్టు కొసల్లో ఉండే క్రాసు జాయింట్ల గొడవైతే దానికి రెట్టింపు, 64. ఇంజను పేలుళ్ళు 96. క్రౌను పినియను పళ్ళ మోత 192.

32, 64, 96, 192. వీటి నిష్పత్తి ఒకటి, రెండు, మూడు, ఆరు. సంగీతం తెలిసినవాళ్ళు ఈపాటికి పట్టేసుంటారు. షడ్జమం, పై షడ్జమం, దాని మీద పంచమం, మళ్ళీ పై పంచమం! తంబురా అని ఊరికే అనలేదు. అన్నీ ఒకదానితో ఒకటి శ్రుతి కలిసే స్వరాలే, అందుకే అలవాటు లేని చెవికి ఏది ఎవరి గొంతో విడిగా తెలియదు. "వెనక నించి మోగుతోంది కాబట్టి హౌసింగే" అని తేల్చెయ్యడం అందుకే సులువు, అందుకే ప్రమాదం. పైగా ఇనుప చట్రం మీద శబ్దం ఎక్కడ పుట్టి ఎక్కడ వినబడుతుందో ఎవడూ చెప్పలేడు.

మరి ఎలా పట్టుకోవాలి? ఏదీ విప్పకుండానే, ఒక్కొక్కటీ ఆపి చూడటమే.

ఒకే వేగంలో గేరు మార్చి చూడాలి. గేరుతోపాటు రొద స్థాయి మారితే జబ్బు ఇంజను వైపు. మారకపోతే గేరుబాక్సు తర్వాత ఎక్కడో.

వేగంలో ఉండగా, ఖాళీ రోడ్డు మీద, కాసేపు న్యూట్రలు చేసి చూడాలి. (సమతలం మీద మాత్రమే, పల్లంలో ఈ పని ఎప్పుడూ చెయ్యకూడదు.) ఇంజను చప్పబడినా రొద అలాగే ఉంటే షాఫ్టో, హౌసింగో, హబ్బులో, టైర్లో.

ఎక్సిలేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ తేడా చూడాలి. పళ్ళ చక్రాలకి తొక్కినప్పుడు ఒక ముఖం మీద, వదిలినప్పుడు ఇంకో ముఖం మీద ఒత్తిడి పడుతుంది. అరిగింది హౌసింగులో అయితే గొంతు మారి తీరుతుంది.

సిమెంటు రోడ్డు నించి తారు రోడ్డెక్కినప్పుడు మారితే టైర్లు. కొంచెం కుడికీ ఎడమకీ తిప్పినప్పుడు మారితే హబ్బు బేరింగులు. ఇక ఖాళీ బండికీ లోడు బండికీ తేడా ఉంటే... దాని సంగతి ఇప్పుడే వస్తోంది.

గూడూరు దగ్గర హైవే పక్కన చిన్న షెడ్డు. మేస్త్రి పెద్దాయన. ఆ రోజు నేనూ ఊళ్ళోనే ఉండి బండితో వెళ్ళాను. ఆయన స్పానరు ముట్టుకోలేదు. బాబాయిని కూడా పెద్దగా పట్టించుకోకుండా డ్రైవరు వైపు తిరిగాడు.

"ఏందబ్బయ్యా, ఖాళీ బండికి ఎక్కువా, లోడు మీద ఎక్కువా?"

"ఖాళీకే ఎక్కవ."

"న్యూట్రలు కొడితే?"

"ఉంటాది. ఏం తగ్గదు."

"ఈ శబ్దం రాకముందు బండి మీద ఆఖర్న ఎవురు చెయ్యేసినారు?"

"క్లచ్చి ప్లేటు మార్పించినాం."

మేస్త్రి నవ్వాడు. ఒకసారి హైవే మీద తిప్పి చూపించమన్నాడు. నేనూ ఎక్కి ఫోనులో శబ్దం రికార్డు చేశాను. స్వరాలు విడగొట్టి చూపించే యాపులు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. అరవై దగ్గర గీత ఎక్కడ లేచిందంటే 64 పక్కన. టాపు గేర్లోనూ అక్కడే, న్యూట్రల్లోనూ అక్కడే. 192 దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. నేను ఫోను చూసుకుంటూ మురిసిపోతుంటే, ఆయన అప్పటికే షెడ్డు చేరి గుడ్డముక్క పట్టుకుని బండి కింద దూరాడు.

షాఫ్టు మీద గ్రీజూ మట్టీ తుడిచాడు. షాఫ్టు రెండు భాగాలు ఒకదాన్లో ఒకటి జారే చోట స్లిప్ జాయింటు ఉంటుంది. దాని మీద రెండు బాణం గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా ఉండాలి. లేవు! క్లచ్చి పని చేసినప్పుడు ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఫ్లాంజి బోల్టులు రాకపోయేసరికి, షాఫ్టుని అక్కడ లాగేసి పక్కన పడేసి ఉంటారు. మళ్ళీ దూర్చేటప్పుడు గుర్తులు చూడలేదు.

ఇందులో అంత ఏముంది అంటారా? మెకానికలు మిత్రులకి థియరీ ఆఫ్ మెషీన్సులో హుక్సు జాయింటు గుర్తుండే ఉంటుంది. ఇంటర్లో స్ప్రింగు సూత్రం చెప్పిన రాబర్టు హుక్కే ఈయన కూడా, పదిహేడో శతాబ్దం మనిషి. వంపు తిరిగి పనిచేసే క్రాసు జాయింటుకి ఓ గుణం ఉంది. ఇటు నించి సమంగా తిప్పినా, అటు వైపు సమంగా తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 6 డిగ్రీల వంపుకి ఈ హెచ్చుతగ్గు అటో అర శాతం, ఇటో అర శాతం. చిన్నదే! కానీ టన్నుల బండిని లాగే ఇనప షాఫ్టు సెకనుకి 64 సార్లు ఉలిక్కిపడుతోందంటే చట్రం ఊరుకుంటుందా?

దీనికి మందు రెండో జాయింటే. రెండు కొసల్లో జాయింటు చెవులు ఒకే వరసలో ఉండి, రెండు వంపులూ సమానంగా ఉంటే మొదటిది చేసిన తప్పుని రెండోది సరిగ్గా దిద్దేస్తుంది. చెవుల వరస తప్పితే దిద్దుబాటు కుదరదు. తొంభై డిగ్రీలు తప్పిందంటే రద్దవ్వాల్సిన తప్పు కాస్తా రెట్టింపవుతుంది. ఆ బాణం గుర్తులు ఇందుకే.

ఖాళీ బండికే ఎందుకు ఎక్కువ? లోడు లేకపోతే వెనక కమాను కట్టలు పైకి లేచి బండి ఎత్తుగా నిలబడుతుంది, షాఫ్టు వంపు పెరుగుతుంది. లోడు పడితే వంపు తగ్గుతుంది, రొదా తగ్గుతుంది. హౌసింగులో పళ్ళు అరిగి ఉంటే దీనికి తలకిందులుగా, లోడు లాగేటప్పుడే గోల ఎక్కువుండాలి. అంటే ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగుంటే క్రౌను పినియను జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. ప్రశ్న ఖరీదు సున్నా. జవాబు డ్రైవరు దగ్గర మొదటి రోజు నించీ ఉంది. అతన్ని ఎవరూ అడగలేదు, అంతే.

మేస్త్రి షాఫ్టు ఊడదీసి, గుర్తులు కలిపి, గ్రీజు కొట్టి బిగించాడు. విడిభాగాల ఖర్చు ఏమీ లేదు. ఎంతివ్వమంటావని బాబాయి అడిగితే, "గ్రీజుకీ, పిలగాడి కూలికీ ఇవ్వన్నా, చాలు" అన్నాడు. బాబాయి కాస్త ఎక్కువే ఇచ్చాడనుకోండి. కానీ లెక్క చూడండి. రోగం కనిపెట్టలేని మూడు చోట్ల కలిపి నెల కిస్తీకి మించి పోయింది. కనిపెట్టినాయన గ్రీజు డబ్బులు అడిగాడు. ఎందుకంటే బిల్లులో రాసుకోవడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు!

నాకు కడుపు మండేది ఇక్కడే. ముందు వెళ్ళిన షెడ్లవాళ్ళు దొంగలని నేననను. వాళ్ళ బతుకు అలా కట్టి ఉంది. కూలి సామాను లెక్కన వస్తుంది. బేరింగు మార్చితే ఇంత, సెట్టు వేస్తే ఇంత. గంటసేపు బండి నడిపి, ఆలోచించి, "ఇది హౌసింగు కాదన్నా" అని చెప్తే పైసా రాదు. పైగా ఆ మాట విన్న యజమాని పక్క షెడ్డుకి పోయి చవగ్గా చేయించుకుంటాడు. అలాంటప్పుడు ఎవడు వెతుకుతాడు? "మార్చి చూద్దాం" అనడమే తెలివైన పని అవుతుంది, మార్చేది ఎవరి డబ్బుతో అన్నది వేరే సంగతి.

ఇక మన వైపు. "చూసినందుక్కూడా డబ్బులా?" అని ముక్కున వేలేసుకునేది మనమే. పల్లెల్లో సూది వెయ్యని డాక్టరుకి ఫీజివ్వడానికి మనసొప్పదు చూడండి, అచ్చం అదే. సూది గుచ్చితేనే వైద్యం, ఏదో ఒకటి మార్చితేనే మెకానిక్కు. అలా అనుకునేవాళ్ళకి సూదులే దొరుకుతాయి.

మన ఆఫీసుల్లో దీన్ని వేరే చూడక్కర్లేదు. సర్వరు రీస్టార్టు చేసి టికెట్టు మూసినవాడి లెక్కలో ఒక టికెట్టు పడుతుంది. మూడు రోజులు కూర్చుని "ఇది మన కోడు కాదు, పోయిన గురువారం మార్చిన ఒక సెట్టింగు" అని తేల్చినవాడి లెక్కలో మూడు రోజులు ఖాళీగా కనబడతాయి. "ఆఖర్న ఎవురు చెయ్యేసినారు?" అనే మేస్త్రి ప్రశ్న మనకి ఎంత పాత ప్రశ్నో తెలిసిందే. అయినా అర్ధరాత్రి గొడవ మొదలవగానే అందరూ ముందు వెళ్ళేది రీస్టార్టు బటను దగ్గరికే.

తేడా ఒక్కటుంది. మన దగ్గర తప్పితే ఒక వెబ్‌సైటు రెండు గంటలు పడిపోతుంది. లారీ దగ్గర అలా కాదు. రోజుకి లక్షలసార్లు ఉలిక్కిపడే షాఫ్టుతో క్రాసు జాయింట్ల సూదులు అరుగుతాయి, సెంటరు బేరింగు రబ్బరు నలుగుతుంది, బోల్టులు వదులవుతాయి. (మొదట మార్చిన సెంటరు బేరింగు నిజంగానే పాడై ఉండొచ్చు. కానీ అది రోగం కాదు, రోగం చేసిన గాయం.) నడుస్తుండగా షాఫ్టు ముందు కొస ఊడి రోడ్డుకి గుచ్చుకుంటే బండి అదుపు తప్పుతుంది. వెనకాల బైకు మీద ఎవరున్నారో ఎవరికి తెలుసు? రొద అనేది చిరాకు కాదండీ, అది కబురు. కబురు మోసేవాడు డ్రైవరు. "నీకన్నీ అనుమానాలే, పోనీ" అని అతని నోరు మూయించడమంటే బండికున్న ఒకే ఒక్క సెన్సరు తీగ కత్తిరించుకోవడమే.

నాకు తోచిన మందులు చెప్తాను. పెద్ద చట్టాలేం అక్కర్లేదు.

బండి ఇచ్చేముందే "వెతకడానికి ఇంత" అని విడిగా మాట్లాడుకోవాలి. ఏమీ మార్చకపోయినా ఆ డబ్బు ఇచ్చెయ్యాలి. తర్వాత పని అక్కడే చేయిస్తే అందులో తగ్గించుకోవచ్చు. వెతికీ దొరక్కపోతే? ఇవ్వాల్సిందే. ఏది కాదో తేలింది కదా, అది కూడా సరుకే.

షెడ్డులో డ్రైవరే మాట్లాడాలి, యజమాని వినాలి. ఎంత వేగంలో, ఏ గేర్లో, ఖాళీకా లోడుకా, తొక్కితేనా వదిలితేనా, ఎప్పట్నించి, అంతకు ముందు ఏం పని జరిగింది. ఈ ఆరూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి.

ఏది విప్పినా ముందు గుర్తు పెట్టాలి. ఒక సుద్దముక్క చాలు. మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోవాలి, అరిగిందో లేదో కళ్ళతో చూసుకోవాలి.

వాకాడు పక్కనే విద్యానగర్లో 1979 నించీ ఇంజనీరింగు కాలేజీ ఉంది. పుస్తకంలో హుక్సు జాయింటు లెక్క చేసే కుర్రాళ్ళూ, బండి కింద పడుకుని అదే లెక్క చెవితో చేసే మేస్త్రులూ ఒకే రోడ్డు మీద తిరుగుతుంటారు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడానికి ఒక ఫోనూ, ఒక లారీ, ఒక ఆదివారం చాలు. ఆ మేస్త్రికి 64 అనే అంకె తెలీదు. నాకు ఆయన అడిగిన వరస తెలీదు. కలిస్తే ఇద్దరికీ లాభమే.

మీలో చాలామందికి ఊళ్ళో ఇలాంటి బాబాయో, మామో ఉండే ఉంటారు. ఈసారి ఆయన ఫోను చేసి "బండి ఏదో మోగతా ఉందిరా" అంటే, డబ్బులు పంపేముందు ఒక్క మాట అడగమనండి: "మార్చడానికి ఎంతో తర్వాత చెప్పు మేస్త్రీ, వెతకడానికి ఎంత?"

ఏమంటారు?